యంత్రం నిలిచిన చోటు

పెళ్ళిపందిట్లోగాని, పాఠశాల వార్షికోత్సవంలోగాని మైకు సెట్టు ఉన్నట్టుండి 'కూ' మని కూతపెట్టడం మనమందరం విన్నదే. అప్పుడు మైకు సెట్టువాడు ఏం చేస్తాడో గమనించారా? యంత్రాన్ని విప్పడు, తీగలు మార్చడు. మైకునో, లౌడుస్పీకరునో పట్టుకొని నాలుగడుగులు పక్కకు జరుపుతాడు. కూత ఆగిపోతుంది. యంత్రం అదే, విద్యుత్తు అదే, మారింది చోటొక్కటే.

ఇంట్లో సంగీతం వినిపించే యంత్రాల చరిత్ర అంతా ఈ చిన్న అనుభవంలో ఇమిడి ఉంది. 1877లో ఎడిసన్ మొట్టమొదటి ఫోనోగ్రాఫును తయారుచేసిన నాటినుండి మంచి ధ్వనికోసం మనుషులు యంత్రాన్నే బాగుచేస్తూ వచ్చారు. ఆ యంత్రం నిలిచిన బల్ల, ఆనుకొన్న గోడ, చుట్టూ ఉన్న గది కూడా యంత్రంలో భాగాలేనని గ్రహించడానికి చాలాకాలం పట్టింది. గ్రహించిన తరువాత మరొక చిక్కు వచ్చింది. చోటు మార్పులలో ఏది నిజంగా పనిచేస్తుంది, ఏది ఉత్త నమ్మకం అన్నది తేల్చుకోవలసి వచ్చింది. ఈ రెండు సంగతులూ ఎలా తెలియవచ్చాయో చూద్దాం.

మెత్తలు మోసిన అధ్యాపకుడు

1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంవారు ఫాగ్ కళాప్రదర్శనశాలలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంతో పెద్ద ఇబ్బందిలో పడ్డారు. మందిరం చూడడానికి బాగానే ఉంది గాని, అక్కడ చెప్పిన ఉపన్యాసం ఎవరికీ అర్థమయ్యేది కాదు. అన్న మాట అణగిపోకముందే తరువాతి మాట వచ్చి దానిమీద పడేది. దీనికి విరుగుడు చూడమని భౌతికశాస్త్ర శాఖలోని వాలెస్ క్లెమెంట్ సాబైన్ అనే యువకునికి అప్పగించారు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు.

సాబైన్ దగ్గర ఈనాటి పరికరాలేవీ లేవు. సెకనుకు 512 కంపనాలు చేసే ఒక ఆర్గన్ గొట్టం, కాలాన్ని కొలిచే సాధనం, తన రెండు చెవులు, ఇంతే ఆయన సామగ్రి. పగటి రొద పనికి అడ్డం కనుక అర్ధరాత్రి దాటిన తరువాతనే ప్రయోగాలు సాగేవి. దగ్గరలో ఉన్న శాండర్స్ థియేటరునుండి కూర్చునే మెత్తలను మోయించి తెచ్చి మందిరంలో పరిచేవాడు. గొట్టం మోగించి ఆపి, ఆ నాదం చెవికి అందకుండా పోవడానికి ఎంతకాలం పట్టిందో కొలిచేవాడు. ఖాళీ మందిరంలో అది సుమారు 5.5 సెకన్లు. మెత్తలు పెంచినకొద్దీ ఆ కాలం తగ్గుతూ వచ్చింది. తెల్లవారేసరికి మెత్తలన్నీ మళ్ళీ థియేటరుకు చేరాలి. మరునాటి రాత్రి మళ్ళీ మోత మొదలు.

ఈ శ్రమ ఫలితంగా 1898 నాటికి ఆయనకు ఒక సూత్రం దొరికింది. ధ్వని ఆగిన తరువాత గదిలో మిగిలే నాదాన్ని ప్రతినాదం అంటారు. దాని తీవ్రత పదిలక్షల వంతుకు పడిపోవడానికి పట్టే కాలం ప్రతినాదకాలం. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో కొలిచి, 0.161తో గుణించి, ఆ గదిలోని మొత్తం శోషణ వైశాల్యంతో భాగిస్తే ప్రతినాదకాలం సెకన్లలో వస్తుంది. శోషణ వైశాల్యం అంటే మరేమీ కాదు: తెరచిన కిటికీలోంచి బయటకు పోయిన ధ్వని తిరిగిరాదు గదా! గదిలోని బట్టలు, పరుపులు, మనుషులు అన్నీ కలిసి ఎన్ని చదరపు మీటర్ల తెరచిన కిటికీతో సమానమో ఆ లెక్కే అది. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలును ఈ సూత్రం ఆధారంగానే రూపొందించారు. సంగీతమందిరాన్ని కట్టకముందే దాని నాదాన్ని లెక్కవేయడం దానితోనే మొదలయింది.

ఈ లెక్కను మన ఇంటికి అన్వయించి చూడవచ్చు. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తుగల గది ఘనపరిమాణం 60 ఘనపు మీటర్లు. దాని శోషణ 10 చదరపు మీటర్లయితే ప్రతినాదకాలం దాదాపు ఒక సెకను. ఒక మంచం, పరుపు, మందమైన తెరలు, పుస్తకాల అలమర చేర్చి శోషణను 20కి పెంచామనుకోండి. అర సెకనుకు తగ్గుతుంది. నాపరాళ్ళ నేల, సున్నపు గోడలు ఉన్న మన ఇళ్ళలో ధ్వని సులభంగా అణగదు. పెళ్ళికి సామానంతా తీసివేసిన గదిలో మాట గంగాళంలోంచి వచ్చినట్లుండడానికి కారణం ఇదే. అటువంటి గదిలో ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా మృదంగపు జతులు ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోతాయి.

పలక, గోడ, మూల

సాబైన్ గదిని గురించి చెప్పాడు. అందులో యంత్రాన్ని ఎక్కడ నిలపాలన్న ప్రశ్న మాత్రం లౌడుస్పీకరు వచ్చిన తరువాతనే బలపడింది. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తున్న చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు నేటి లౌడుస్పీకర్లకు మూలమైన రూపాన్ని ప్రకటించారు. అయస్కాంతం మధ్య ఒక తీగచుట్ట, దానికి అతికిన కాగితపు శంకువు. చుట్టలో విద్యుత్తు మారినప్పుడల్లా శంకువు ముందుకూ వెనుకకూ కదిలి గాలిని కదిలిస్తుంది.

ఇక్కడే ఒక తమాషా ఉంది. శంకువు ముందుకు జరిగితే ముందువైపు గాలి ఒత్తుకొంటుంది. అదే క్షణంలో వెనుకవైపు గాలి పలచబడుతుంది. ముందు పుట్టిన సంపీడనం అంచు చుట్టి వెనుక ఉన్న లోటును పూడ్చడానికి పోతుంది. మంద్రధ్వనులలో ఇది మరీ ఎక్కువ. సెకనుకు 50 కంపనాల ధ్వనికి తరంగదైర్ఘ్యం సుమారు 7 మీటర్లు. జానెడు శంకువును చుట్టిపోవడం దానికి ఒక లెక్కా? అందుచేత ఒక పెద్ద పలకకు రంధ్రం చేసి శంకువును అందులో బిగించారు. ముందూ వెనుకా వేరుపడ్డాయి; మంద్రం నిలబడింది. ఆ పలకే తరువాత మడతపడి పెట్టె అయింది. స్పీకరు పెట్టె అలంకారానికి వచ్చింది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

పెట్టె వచ్చాక, దాన్ని గదిలో ఎక్కడ పెట్టాలన్నది తరువాతి సమస్య. 1946లో అమెరికాలోని ఆర్కెన్సా రాష్ట్రంలో పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు 'క్లిప్ష్‌హార్న్' పేరుతో ఒక స్పీకరును అమ్మకానికి పెట్టాడు. దాన్ని గది మూలలోనే పెట్టాలి. మూలలోని రెండు గోడలే దాని కొమ్ముబూరకు చివరి భాగం. గదిని యంత్రంలో భాగంగా ఇంత సూటిగా వాడుకొన్న రూపాలు అరుదు. ఆకాశంలో వేలాడే స్పీకరునుండి మంద్రధ్వని అన్ని దిక్కులకూ పోతుంది. నేలమీద పెడితే సగం దిక్కులే మిగులుతాయి. గోడకు చేరిస్తే నాలుగవ వంతు. మూలకు నెడితే ఎనిమిదవ వంతు. చెదిరిపోవలసిన ధ్వని కూడుకొని బలపడుతుంది. ఖర్చేమీ లేకుండా మంద్రం పెరుగుతుంది.

అయితే మూలకు ఒక దోషం కూడా ఉంది. ఎదురెదురు గోడలమధ్య ధ్వని పరావర్తనం చెంది స్థిరతరంగాలు ఏర్పడతాయి. తీగమీదా, గొట్టంలోనూ స్థిరతరంగాలను విద్యార్థులు పాఠంలో చదివే ఉంటారు. గది కూడా ఒక గొట్టమే. మనం పైన చెప్పుకొన్న గదిలో పొడవు వెంట సెకనుకు 34, వెడల్పు వెంట 43, ఎత్తు వెంట 57 కంపనాల దగ్గర మొదటి అనునాదాలు వస్తాయి. మూలలో ఉన్న స్పీకరు వీటన్నిటినీ ఒక్కసారి రెచ్చగొడుతుంది. ఆ స్వరాలు మిగిలినవాటికంటె పెద్దవై 'బొయ్' మంటాయి. మరొక చిత్రమేమిటంటే, 34 కంపనాల ధ్వని గోడల దగ్గర గట్టిగానూ, గది నడుమ దాదాపు వినబడకుండానూ ఉంటుంది. అంటే యంత్రం చోటే కాదు, వినేవాని చోటు కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

1974లో రాయ్ ఆలిసన్ అనే అమెరికన్ ఇంజనీరు గోడల ప్రభావాన్ని కొలిచి ఒక పరిశోధనవ్యాసం ప్రకటించాడు. గోడ ఎప్పుడూ మేలే చేయదు. స్పీకరు వెనుకగోడకు 1 మీటరు దూరంలో ఉందనుకొందాం. గోడను తాకి వచ్చే ధ్వని 2 మీటర్లు అదనంగా ప్రయాణం చేస్తుంది. 4 మీటర్ల తరంగదైర్ఘ్యంగల ధ్వనికి, అంటే సెకనుకు 86 కంపనాల దగ్గర, అది సరిగ్గా ఎదురు దశలో వచ్చి అసలు ధ్వనిని తగ్గిస్తుంది. నేలకూ, రెండు గోడలకూ స్పీకరు సమానదూరంలో ఉంటే మూడు లోపాలూ ఒకే స్వరంమీద పడతాయి. అందుచేత ఆ మూడు దూరాలూ వేరువేరుగా ఉండడం మంచిది. దీనికి కావలసిన పరికరం కొలబద్ద ఒక్కటే!

రెండు స్పీకర్ల స్టీరియో విషయంలోనూ ఇంతే. జర్మనీలో గొటింగెన్ విశ్వవిద్యాలయంలో హెల్ముట్ హాస్ 1949లో ఒక పరిశోధన పూర్తిచేశాడు. ఒకే ధ్వని రెండు దిక్కులనుండి కొద్ది మిల్లీసెకన్ల తేడాతో వస్తే, చెవి ముందు వచ్చిన దిక్కునే నమ్ముతుందని అందులో తేలింది. ధ్వని ఒక మిల్లీసెకనులో పోయే దూరం సుమారు 34 సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక అడుగు. వినేవాడు ఒక స్పీకరుకు ఆ మేర దగ్గరయితే, నడుమ నిలబడి పాడవలసిన గాయకుడు పక్కకు జరిగిపోతాడు. వినేవానికీ రెండు స్పీకర్లకూ మధ్య సమబాహు త్రిభుజం ఉండాలని పెద్దలు చెప్పడం ఇందుకే.

గాడిలో దూరిన అడుగులచప్పుడు

ఇంతవరకు గాలిలో ధ్వని సంగతి. ఇక నేలలోనుంచీ, బల్లలోనుంచీ వచ్చే ప్రకంపనాల సంగతి చూద్దాం.

1948లో కొలంబియా కంపెనీవారు నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే 'లాంగ్ ప్లే' రికార్డును విడుదల చేశారు. పాత 78 చుట్ల రికార్డు ఒక పక్క మూడు నాలుగు నిమిషాలు పాడితే, ఇది ఇరవై నిమిషాలకు పైగా పాడుతుంది. ఇంత నిడివి ఎలా వచ్చింది? చుట్లు తగ్గించడంతోపాటు గాడిని సన్నం చేయడంవల్ల. కొత్త గాడి వెడల్పు సుమారు 0.05 మిల్లీమీటరు. ఆ గాడిలో ముల్లు చేసే కదలికలు అంతకంటె ఎంతో చిన్నవి. అంత సూక్ష్మమైన కదలికలను చదవగల ముల్లు, బల్ల కదలికను మాత్రం ఎందుకు వదులుతుంది? ఎవరైనా గదిలో నడిస్తే ఆ అడుగుల చప్పుడు కూడా పాటతోపాటు వినిపించసాగింది.

1958లో స్టీరియో రికార్డులు బజారుకు వచ్చాక ఈ చిక్కు రెట్టింపయింది. పాత రికార్డుల గాడి పక్కలకు మాత్రమే కదిలేది. పైకీ కిందికీ కదిలే కదలికను ముల్లు పట్టించుకోనక్కరలేదు. స్టీరియో గాడికి రెండు గోడలు, గోడకొక ధ్వని. అందుచేత ముల్లు పక్కలకే కాక నిలువుగా కదిలినా అది సంగీతమే అవుతుంది. నేల అదిరేది ముఖ్యంగా నిలువుగానే గదా! అంతవరకు గుమ్మం బయట నిలిచిన అదురు స్టీరియోతో నేరుగా ఇంట్లోకి వచ్చింది.

దీనికి తోడు మైకు సెట్టు కూత వంటి వ్యాధి ఒకటి ఉంది. స్పీకరు మోగితే నేల అదురుతుంది. నేలవల్ల బల్ల, బల్లవల్ల ముల్లు అదురుతాయి. ఆ అదురు యంత్రంలో పెద్దదై మళ్ళీ స్పీకరులోనుంచే వస్తుంది. ఈ చక్రం ఒకసారి తిరిగేసరికి అదురు పెరిగితే గర్జన పుడుతుంది. కాస్త తగ్గితే గర్జన ఉండదు గాని మంద్రమంతా మసకబారుతుంది. రేడియోగ్రాం అనే పాత పెట్టెలలో స్పీకరూ, రికార్డు తిరిగే పళ్ళెమూ ఒకే చెక్క గూటిలో ఉండేవి. దొంగనూ, ధనాన్నీ ఒకే గదిలో పెట్టినట్లు! హై-ఫై కాలంలో యంత్రభాగాలను విడదీసి వేరువేరు చోట్ల పెట్టడానికి ఒక బలమైన కారణం ఇదే.

మూడు స్ప్రింగుల విజయం

ఈ వ్యాధికి చవకైన మందు కనుగొన్నవాడు ఎడ్గర్ విల్చర్. న్యూయార్కు విశ్వవిద్యాలయంలో ధ్వని పునరుత్పాదనను బోధించిన ఈయన, 1954లో హెన్రీ క్లాస్‌తో కలిసి మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో అకూస్టిక్ రిసెర్చ్ అనే సంస్థను స్థాపించాడు. గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెలో, లోపలి గాలినే స్ప్రింగుగా వాడి లోతైన మంద్రం పలికించడం ఆయన మొదటి ఘనత. 1961లో ఆయన రూపొందించిన టర్న్‌టేబులు బయటకు వచ్చింది.

విల్చర్ ఆలోచన చాలా సులువైనది. పళ్ళెం, ముల్లుచేయి, ఈ రెండింటినీ ఒకే గట్టి చట్రానికి బిగించాడు. ఆ చట్రాన్ని మూడు మెత్తని స్ప్రింగులమీద వేలాడదీశాడు. మోటారును మాత్రం బయటి పలకకే వదలి, దానినుండి పళ్ళేనికి ఒక రబ్బరు పట్టీ వేశాడు. ఇప్పుడు బయట ఏది కదిలినా చట్రం కదలదు. ఒకవేళ కదిలినా పళ్ళెమూ, ముల్లూ కలిసే కదులుతాయి. ముల్లుకు కావలసింది గాడికీ తనకూ మధ్య తేడాయే కనుక, రెండూ కలిసి కదిలితే ధ్వని పుట్టదు. రికార్డు పాడుతుండగా యంత్రం పైపలకను సుత్తితో తట్టినా ముల్లు గాడి తప్పేది కాదు.

స్ప్రింగు ఎందుకు పనిచేస్తుంది? ప్రతి స్ప్రింగుకూ, దానిమీది బరువుకూ కలిపి ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. దాన్ని తెలుసుకోవడానికి బరువు పెట్టినప్పుడు స్ప్రింగు ఎంత కుంగిందో చూస్తే చాలు. 1 సెంటీమీటరు కుంగితే సెకనుకు సుమారు 5 కంపనాలు. 4 సెంటీమీటర్లు కుంగితే దానిలో సగం, అంటే 2.5. బయటి అదురు ఈ సహజ పౌనఃపున్యానికి ఎంత పైన ఉంటే అంత తక్కువగా లోపలికి వస్తుంది. 5 కంపనాల స్ప్రింగుమీద 50 కంపనాల అదురు సుమారు నూరవవంతే చేరుతుంది. 10 కంపనాలదైతే మూడవవంతు చేరుతుంది. సరిగ్గా 5 కంపనాలదయితే తగ్గడం అటుంచి, ఊయలను ఊపినట్లు పెరిగిపోతుంది!

ఈ లెక్కలో రెండు పాఠాలున్నాయి. ఒకటి: అమెరికా, యూరపు దేశాలలో చాలా ఇళ్ళకు చెక్కదూలాలమీద పరచిన నేలలు ఉంటాయి. మనిషి నడిస్తే అవి సెకనుకు కొద్ది కంపనాలతోనే ఊగుతాయి. అది స్ప్రింగుకు అతిప్రియమైన పౌనఃపున్యం. కాబట్టి అటువంటి ఇంట్లో స్ప్రింగుల యంత్రాన్ని గట్టి ఇటుకగోడకు కొట్టిన అలమరమీద పెట్టడం ఉత్తమం. నేలమీదనే కట్టిన మన నాపరాళ్ళ ఇళ్ళలో ఈ బాధ అంతగా ఉండదు. రెండు: 'అదురు పోవాలి' అని కాళ్ళ కింద పలుచని రబ్బరు ముక్క పెట్టడం. అది బరువుకు ఒక మిల్లీమీటరులో పదవవంతే కుంగితే సహజ పౌనఃపున్యం 50 కంపనాల దగ్గర ఉంటుంది. అది మంద్రాన్ని ఆపదు సరిగదా, ఇంకా ఊతమిచ్చినా ఇవ్వవచ్చు. మెత్తగా కనిపించినదల్లా అదురును ఆపదు. కుంగుడు ఎంతో కొలవాలి.

ప్రకంపనాలేకాక అయస్కాంతక్షేత్రం కూడా చోటును బట్టే ఉంటుంది. ఆంప్లిఫైయరులోని ట్రాన్స్‌ఫార్మరు దగ్గర అయస్కాంతపు ముల్లుగొట్టాన్ని పెడితే 50 కంపనాల 'హుం' శబ్దం వస్తుంది. ఆ క్షేత్రం దూరంతో త్వరగా క్షీణిస్తుంది. దూరం రెట్టింపయితే సుమారు ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. ఒక జానెడు జరపడమే చికిత్స.

కొలతా, నమ్మకమా?

విల్చర్ విజయం తరువాతి దశాబ్దాలలో ఒక విచిత్రం జరిగింది. టర్న్‌టేబులుకు మేలుచేసినది అన్నిటికీ మేలు చేస్తుందనే అభిప్రాయం వ్యాపించింది. ఆంప్లిఫైయర్ల కింద శంకువులు, తీగల కింద దిమ్మెలు, ఖరీదైన రాతి బల్లలు అమ్మకానికి వచ్చాయి. వీటిలో నిజమెంత? భాగంవారీగా విచారిస్తే తెలుస్తుంది.

రికార్డు చదివే ముల్లు యాంత్రికమైనది. దానికి అదురునుండి రక్షణ తప్పనిసరి. పాత వాల్వు రేడియోలలో వాల్వుల లోపలి తీగలు, స్టేషను మార్చే కండెన్సరు రేకులు కూడా అదిరేవి. వాల్వును వేలితో మీటితే స్పీకరులో గణగణ వినిపించేది. అందుకే ఆ కండెన్సరును రబ్బరుమీద కూర్చోబెట్టేవారు. కాని ట్రాన్సిస్టరులో అలా ఊగే భాగమేదీ లేదు. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కులో ధ్వని అంకెల రూపంలో ఉంటుంది. లేసరు కిరణం 0.0016 మిల్లీమీటరు ఎడంగల వరుసలను వెంటాడుతూ చదువుతుంది. చిన్న పొరపాట్లను గణితమే దిద్దుతుంది. గట్టిగా కుదిపితే పాట తెగవచ్చు గాని, మామూలు బల్లమీద ఉన్నంతమాత్రాన వీణానాదం కరకుగా మారదు. ఇక స్పీకర్ల కింద పెట్టే ఉక్కుముళ్ళు పెట్టెను కదలకుండా నిలుపుతాయి. నేలనుండి దాన్ని వేరుచేయవు. పైగా గట్టిగా కలుపుతాయి.

అయినా 'నా చెవికి తేడా తెలిసింది' అనేవారిని అబద్ధీకులనరాదు. ఖర్చుపెట్టినవాని మనస్సు తేడాను వెదుకుతుంది, వెదికినవానికి దొరుకుతుంది. దీనికి ఉపాయం కళ్ళకు గంతలు కట్టడమే. అకూస్టిక్ రిసెర్చ్ వారు 1960 ప్రాంతంలో ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే నలుగురు తంత్రీవాద్య కళాకారులతో ప్రదర్శనలు ఇచ్చారు. కళాకారులు కొంతసేపు నిజంగా వాయించి, కొంతసేపు వాయిస్తున్నట్లు నటించేవారు. ఆ నటన వేళ స్పీకర్లు పలికేవి. మార్పు ఎక్కడ జరిగిందో చెప్పడం శ్రోతలకు కష్టమయ్యేది. తమ సరుకును శ్రోతల చెవుల ముందు పరీక్షకు నిలపడానికి సిద్ధపడటం శాస్త్రదృష్టికి తగిన పని.

బడిలో చేయదగిన పరీక్షలు

ఉపాధ్యాయులు ఈ విషయాలను తరగతిలోనే చూపవచ్చు.

మొదటిది: శ్రుతిదండాన్ని మోగించి దాని కాడను బల్లకు ఆనించండి. ధ్వని పెద్దదవుతుంది, కాని త్వరగా ఆగిపోతుంది. శక్తి బల్లలోకి పోయింది గనుక. నడుమ నాలుగు మడతల తువాలు ఉంచితే బల్ల మూగబోతుంది.

రెండవది: రబ్బరు పట్టీకి ఒక బరువు కట్టి వేలాడదీసి, చేతిని మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. బరువు చేతితోపాటే కదులుతుంది. కాస్త వేగం పెంచితే ఒకచోట విపరీతంగా ఊగుతుంది. ఇంకా వేగంగా ఆడిస్తే చేయి అదురుతున్నా బరువు దాదాపు నిశ్చలంగా నిలుస్తుంది. విల్చర్ స్ప్రింగుల రహస్యమంతా ఇందులో కనిపిస్తుంది.

మూడవది: ఒక విద్యార్థికి కళ్ళకు గంతలు కట్టండి. మరొకడు నాణెం ఎగురవేసి, బొమ్మ పడితే ఫోను కింద దిమ్మె పెట్టి, బొరుసు పడితే తీసివేసి ఒకే పాటను వినిపించాలి. పదిసార్లలో ఐదుసార్లు సరిగా చెప్పడం ఊహకు కూడా సాధ్యమే. తొమ్మిదిసార్లు లేక అంతకు మించి సరిగా చెబితే, అది కేవలం ఊహవల్ల జరిగే అవకాశం 1024లో 11 మాత్రమే. అప్పుడు తేడా ఉందని ఒప్పుకోవచ్చు.

సాబైన్ మెత్తలు, విల్చర్ సుత్తి, ఆలిసన్ కొలతలు మనకు నేర్పేది ఒక్కటే. ధ్వని బాగులేదని తోచినప్పుడు కొత్త యంత్రానికి బజారుకు పోవడంకంటె ముందు, ఉన్న యంత్రాన్ని ఒక అడుగు జరిపి చూడాలి. జరిపినదానివల్ల ఏం జరిగిందో కళ్ళు మూసుకొని వినాలి. మైకు సెట్టువాడు అనుభవంవల్ల చేసే పనినే శాస్త్రజ్ఞుడు కొలతతో చేస్తాడు. ఆ కొలతకు కావలసిన గుడ్డకొలబద్ద, నాణెం, రబ్బరు పట్టీ ప్రతి బడిలోనూ ఉన్నాయి.